మా షాపు మెట్ల మీద వెలుతురు

చీరకు సరిపోయే రంగు జాకెట్టు గుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటర్‌కి మెట్లే ప్రాణం. చీర పట్టుకొని వచ్చిన ఆమె ముందు కౌంటర్ మీద నాలుగైదు తానులు పరుస్తాం. ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు "వెలుతుర్లో చూద్దాం రా అక్కా" అని ఇద్దరం బయట మెట్ల మీదికి వస్తాం. ఒక చేత్తో చీర అంచు, ఇంకో చేత్తో తాను కొస పట్టుకొని పక్కపక్కన పెడితే, లోపల వంకాయ రంగు అనుకున్నది నేరేడు రంగని అక్కడ తెలుస్తుంది. చిలకపచ్చలో పసుపు ఎంత కలిసిందో అక్కడే తెలుస్తుంది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నిలబడే చోటు నా షాపు ముందు లేక ఆరేళ్లు దాటింది.

మాది హైదరాబాద్ శివార్లలోని పీర్జాదిగూడ. ఉప్పల్ నుంచి వరంగల్ పోయే 163 నంబరు హైవే మీద, రోడ్డుకే ముఖం పెట్టుకొని ఉంటుంది మా మడిగె. మా పుట్టిల్లు జనగామ. నేను పుట్టింటికి పోవాలన్నా ఇదే రోడ్డు, యాదగిరిగుట్టకు పోవాలన్నా ఇదే రోడ్డు. 2017లో షాపు తీసుకున్నప్పుడు మా ఆయన, నేను చాలా లెక్కలు వేసుకున్నాం. గల్లీ లోపల అయితే కిరాయి ఆరు వేలు, రోడ్డు మీద అయితే పదకొండు వేలు. ఆ నవంబరులో నాగోల్ నుంచి అమీర్‌పేటకు మెట్రో మొదలైంది. ఉప్పల్ దాకా మెట్రో వచ్చాక ఇటువైపు జనం పెరుగుతారని, రోడ్డు మీద ఉంటేనే బోర్డు నలుగురి కంట్లో పడుతుందని పదకొండు వేలకే ఒప్పుకున్నాం. నా రెండు పేటల గొలుసు కుదువపెట్టి అడ్వాన్సు కట్టాం. ఆ లెక్క తప్పలేదు. మొదటి ఏడాదే నారపల్లి, ఘట్‌కేసర్ నుంచి కూడా ఆడవాళ్లు బస్సు దిగి వచ్చేవాళ్లు. ఉప్పల్‌లో పని చూసుకొని పోతూ పోతూ ఫాల్ కొనుక్కొని, పీకోకి చీర ఇచ్చి, తిరుగు బస్సు ఎక్కేవాళ్లు.

2018 మే నెలలో ఫ్లైఓవర్‌కు శంకుస్థాపన జరిగింది. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు, ఆరు కిలోమీటర్ల పైచిలుకు, ఆరు వందల కోట్లకు పైగా ఖర్చు. 2020 కల్లా అయిపోతుందన్నారు. నేను నిజంగా సంతోషించాను. ఎందుకు దాచాలి? వరంగల్ బస్సులు, లారీలు, శని ఆదివారాలు గుట్టకు పోయే కార్లు అన్నీ పైనుంచి పోతాయి, కింద మనవాళ్లు నెమ్మదిగా బండి ఆపుకొని షాపుకు వస్తారు అనుకున్నాను. రెండేళ్లు ఓర్చుకుంటే సరిపోతుందని పక్క షాపువాళ్లతో నేనే అన్నాను. ఫ్లైఓవర్ వద్దని మాలో ఒక్కరు కూడా అనలేదు. ఈ విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మేం నోరు తెరిస్తే చాలు, "అభివృద్ధికి అడ్డం పడుతున్నారు" అనేవాళ్లు ఉన్నారు.

మా మెట్లు 2019లో పోయాయి. రోడ్డు వెడల్పులో బిల్డింగ్ ముందు భాగం కొంత తీశారు. దాంతోపాటు మూడు నాపరాయి మెట్లూ, పైన రేకుల పందిరీ పోయాయి. ఓనరుకు స్థలం పోయినందుకు డబ్బు వచ్చింది. అది ఆయన హక్కు, నాకు బాధ లేదు. కిరాయికి ఉన్న మాకు ఏం పోయిందో ఎవరూ అడగలేదు, రాసుకోలేదు. స్థలం పోతే కొలిచే టేపు ఉంది, గిరాకీ పోతే కొలిచేది లేదు. మెట్ల స్థానంలో వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప మెట్టు ఒకటి పెట్టాం. దాని ముందు డ్రైనేజీ కోసం తవ్విన కాలువ. కాలువ మీద చెక్క పలక. మోకాళ్ల నొప్పులున్న పెద్దామెలు ఆ పలక చూసి అవతలే ఆగిపోయేవాళ్లు. నేనే చీర అందుకొని, తానులు చేతిలో పట్టుకొని వాళ్ల దగ్గరికి వెళ్లేదాన్ని.

తర్వాత దుమ్ము. ఈ దుమ్ము గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి నేను చూసింది మాత్రం చెబుతాను.

జాకెట్టు గుడ్డ తానులను రాకులో మడత అంచు బయటికి కనిపించేలా పేరుస్తాం. రంగులు వరసగా కనపడాలి కదా. దుమ్ము వచ్చి ఆ మడత అంచు మీదే కూర్చుంటుంది. ముదురు రంగుల్లో అంతగా తెలియదు. తెలుపు, గంధం, లేత గులాబీ, లైనింగు గుడ్డల్లో మాత్రం దాచలేం. పొద్దున విప్పిన తానుకు ప్రతి మూరకూ ఒక మట్టి గీత. స్కేలు పెట్టి గీసినట్టు, సన్నగా, గోధుమరంగులో. దులిపితే ఇంకా లోపలికి పోతుంది. తడి గుడ్డతో తుడిస్తే గీత కాస్తా మరక అవుతుంది. మీటరు ముక్క కోస్తే అందులో రెండు గీతలు ఖాయం. గిరాకీ ఆమె ముక్కను వెలుతురుకు పట్టి, ఆ గీత మీద గోరుతో గీకి చూసి, నా ముఖం వంక చూసేది. పాత సరుకు అంటగడుతున్నానని ఆమె అనుమానం. వారం కిందట సికింద్రాబాద్ జనరల్ బజార్ నుంచి తెచ్చిన తాను అది. ఉతికితే పోతుంది అక్కా అని చెప్పడానికి నాకు నోరు రాదు. కొత్త జాకెట్టు గుడ్డ ఉతికి కుట్టించుకోమని ఏ ముఖం పెట్టుకొని చెప్పను?

అలా పాడైన ముక్కలను లోపలి లైనింగుకు పనికొస్తాయని మా దగ్గరికొచ్చే టైలర్ మాస్టర్‌కు సగం ధరకు ఇచ్చేశాను. ఒక జాకెట్టు ముక్క మీద మాకు మిగిలేది పాతిక, ముప్పై రూపాయలు. ఒక తెల్ల తాను పాడైతే, ఆ నష్టం పూడ్చుకోవడానికి ఎన్ని ముక్కలు అమ్మాలో మీరే లెక్కేసుకోండి.

రాకులన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు కుట్టించాం. కవరు మీద దుమ్ము పేరుకుంటే రంగు కనపడదు. రంగు కనపడకపోతే మ్యాచింగ్ సెంటర్ ఎందుకు? చివరికి అప్పు చేసి ముప్పై ఎనిమిది వేలతో అద్దాల తలుపు పెట్టించాం. తలుపు మూస్తే లోపల ఉక్క, తెరిస్తే దుమ్ము. మూసి ఉంటే షాపు బంద్ ఉందనుకొని కొందరు వెళ్లిపోయారు. పీకో కొట్టే అమ్మాయి నా దగ్గర మూడేళ్లు పనిచేసింది. మెషీన్ తలుపు దగ్గరే ఉండేది. పొద్దున వచ్చిన గంటకే దగ్గు మొదలయ్యేది. డాక్టరు దుమ్ములో ఉండొద్దన్నాడని ఒకరోజు వచ్చి, "అక్కా, ఏమనుకోకు" అని ఏడ్చింది. ఏమనుకుంటాను? నేనే పంపించాను. ఆ తర్వాత పీకో నేనే కొడుతున్నాను.

నాకు రోజు గల్లా రాసుకునే అలవాటు ఉంది. మా నాన్న కిరాణం నడిపినప్పుడు నేర్పిన అలవాటు. నీలం అట్ట పుస్తకాలు, ఏడాదికొకటి. నిన్న రాత్రి అన్నీ ముందేసుకొని కూర్చున్నాను. 2018 దసరా ముందు వారంలో రోజుకు ఏడు వేలు, ఎనిమిది వేలు ఉంది. మామూలు రోజుల్లో నాలుగు వేలకు తగ్గలేదు. 2020, 2021 కరోనా కాలం, అది అందరికీ వచ్చిన కష్టం, దాన్ని రోడ్డు ఖాతాలో వేయను. కరోనా తగ్గాక గల్లీ లోపలి షాపులు మళ్లీ లేచాయి. మా వరస లేవలేదు. 2022లో మామూలు రోజు గల్లా పదిహేను వందలు. కొన్ని పేజీల్లో తేదీ ఉంది, ఎదురుగా అంకె లేదు. కిరాయి మాత్రం ఒక్క నెల ఆగలేదు. కరెంటు బిల్లు ఆగలేదు. చిట్టీ ఆగలేదు. ఒక ఏడాది డైలీ ఫైనాన్స్ కూడా తీసుకున్నాను. సాయంత్రం ఆరు కాగానే ఆ అబ్బాయి బండి ఆపి గల్లా పెట్టె వంక చూస్తుంటే నాకు పట్టిన టెన్షన్ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆన్‌లైన్ వల్ల కూడా వ్యాపారం తగ్గింది కదా అని మా మరిది అంటాడు. తగ్గింది, కాదనను. కానీ జాకెట్టు గుడ్డ రంగు ఫోన్లో కలవదు. అందుకే మ్యాచింగ్ సెంటర్లు ఇంకా బతుకుతున్నాయి. మా గల్లీ వెనక కొత్తగా రెండు వచ్చాయి, రెండూ బాగా నడుస్తున్నాయి. నా పాత గిరాకీలే అక్కడ కనిపిస్తారు. వాళ్లను తప్పుపట్టను. రోడ్డు అవతలి కాలనీ ఆమె నా దగ్గరికి రావాలంటే ఎక్కడో దూరాన యూటర్న్ తీసుకొని, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి, బండి పెట్టే చోటు లేక ఇంకా ముందుకు పోవాలి. పది రూపాయల దారపు రీలు కోసం అంత కష్టం ఎవరు పడతారు?

మా వరసలో అప్పుడు తొమ్మిది షట్టర్లు ఉండేవి. టిఫిన్ సెంటర్ అన్న మొదట వెళ్లిపోయాడు. చట్నీ గిన్నె మీద మూత తీసి వేసేలోపే దుమ్ము పడేది. తినేవాళ్లు నిలబడేదే రోడ్డు పక్కన. ఆయన ఘట్‌కేసర్‌లో ఎవరి దగ్గరో వంటమాస్టరుగా చేరాడని విన్నాను. సొంత హోటల్ నడిపిన మనిషి. తర్వాత మొబైల్ షాపు, ఆ తర్వాత పండ్ల దుకాణం. మెడికల్ షాపు నిలబడింది, ఎందుకంటే మందులకు జనం ఎలాగైనా వస్తారు. ఇప్పుడు నాతో కలిపి నలుగురం మిగిలాం. ఖాళీ అయిన షట్టర్ల మీద టూలెట్ బోర్డులు కూడా దుమ్ము పట్టి, ఫోన్ నంబర్లు కనపడకుండా పోయాయి.

2022 జూలైలో వారం రోజులు ముసురు పట్టింది. రోడ్డంతా గుంతలు, గుంతల నిండా ఎర్రనీళ్లు. సాయంత్రం ఆరున్నర అయి ఉంటుంది. నేను పీకో మెషీన్ మీద ఉన్నాను. బయట ఏదో పడ్డ చప్పుడు. భార్యాభర్తలు బండి మీద పోతూ నీళ్ల కింద గుంత కనపడక పడ్డారు. ఆయన లేచాడు. ఆమె లేవలేకపోయింది. వెనక ఆర్టీసీ బస్సు బ్రేకు వేసి ఆగింది, ఆమె కాలికి రెండు మూరల దూరంలో. ఆ దూరం ఎప్పటికీ మరచిపోలేను, నేను రోజూ మూరలు కొలిచే మనిషిని. మెడికల్ షాపు తమ్ముడు, నేను పట్టుకొని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. మోచేయి చీరుకుపోయింది. తెల్ల లైనింగు గుడ్డ చించి కట్టాను. ఆమె వణుకుతూ తన సంచి ఎక్కడ అని అడుగుతోంది. సంచిలో పిల్లల స్కూల్ పుస్తకాలు, అప్పుడే కొన్న కొత్తవి, తడిసి ముద్దయ్యాయి. ఆయన వాటిని ఒక్కొక్కటీ మా కౌంటర్ మీద పరిచి ఫ్యాను వేయమన్నాడు. అరగంట అలా కూర్చున్నారు. మాట్లాడుకోలేదు. వర్షం తగ్గాక వెళ్లారు.

ఆ మర్నాడే మేం ఆరుగురం ఒక కాగితం రాసుకొని ఆఫీసుకు వెళ్లాం. అక్కడి సార్ మర్యాదగానే మాట్లాడారు. స్థలసేకరణ ఆలస్యమైందన్నారు, కరెంటు స్తంభాలు, నీళ్ల పైపులు మార్చాలన్నారు, కాంట్రాక్టు కంపెనీకి డబ్బు ఇబ్బంది ఉందన్నారు. ఇవేవీ అబద్ధాలు కావు, పేపర్లో కూడా అవే వచ్చాయి. తర్వాత ఆ కాంట్రాక్టు రద్దయింది కూడా. నేను ఒక్కటే అడిగాను. "సార్, పైన బ్రిడ్జి మీ చేతిలో లేదు, సరే. కింద రోడ్డు, కాలువ, లైట్లు? వీటికి స్థలం అక్కర్లేదు, పైపులు మార్చక్కర్లేదు. ఒక లారీ తారు, నాలుగు రోజుల పని." ఆయన ఫైలు మూసి, అది ఫ్లైఓవర్ పనిలో భాగం, వేరుగా చేయడానికి లేదమ్మా అన్నారు. ఇంకో ఆఫీసుకు వెళితే, రోడ్డు హైవే వాళ్లది, మేం ముట్టుకోకూడదన్నారు. రెండు ఆఫీసుల మధ్య మా ముందున్న రోడ్డు ఎవరిదీ కాకుండా పోయింది.

నా కోపమంతా అక్కడే ఉంది. పైన పిల్లర్లు ఇనుప చువ్వలు బయటపెట్టుకొని ఎన్నేళ్లు నిలబడినా నేను ఓర్చుకునేదాన్ని. పెద్ద పని, పెద్ద కారణాలు ఉంటాయి. కానీ ఆ పిల్లర్ల కింద రోజూ వేలమంది నడిచే రోడ్డును గాలికి వదిలేయడానికి ఏ కారణమూ సరిపోదు. పని మొదలుపెట్టే రోజే, పక్కన బండ్లు పోయే దారి బాగుచేసి, కాలువ మూసి, బస్సు ఆగే చోటు చూపించి, ఆ తర్వాతే నడి రోడ్డు తవ్వాలి. మధ్యలో పని ఆగిపోతే కింది రోడ్డు బాగోగులు ఎవరు చూడాలో, ఏ ఫోన్ నంబరుకు చెప్పుకోవాలో పిల్లర్ మీద రాసి పెట్టాలి. కాంట్రాక్టరుకు గడువు పొడిగిస్తారు, అంచనా ఖర్చు సవరిస్తారు. ఆ గడువు పొడిగించిన ప్రతిసారీ కింద కిరాయి కట్టేవాళ్లకు ఎంత పడుతుందో కూడా ఆ ఫైలులో ఒక పేజీ ఉండాలి. అలా ఉంటే పొడిగించే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తారు.

2023లో ఎవరో పిల్లర్ల మీద పోస్టర్లు అంటించారు, ఈ ఫ్లైఓవర్ ఇంకెన్నేళ్లు కడతారని. వార్తల్లో వచ్చింది, టీవీ వాళ్లు వచ్చారు. నన్నూ మాట్లాడమన్నారు. పార్టీల గొడవలోకి పోదల్చుకోలేదు, వద్దన్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, మాట్లాడాల్సింది. ఎవరు కడుతున్నారు, ఎవరు ఆపారు అని రెండు వైపులవాళ్లూ వాదించుకున్నారు కానీ, చెక్క పలక మీద నుంచి షాపులోకి అడుగుపెట్టే ముసలామె గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మాతోపాటే శంకుస్థాపన జరిగిన అంబర్‌పేట ఫ్లైఓవర్ మీద 2025 నుంచి బండ్లు తిరుగుతున్నాయి. దానికీ ఏడేళ్లు పట్టింది. అక్కడ రోడ్డు పక్కన షాపు ఉన్న మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసి, "అక్కా, మాకు దుమ్ము పోయింది" అంది. ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

షాపు తీసేయమని మా పెద్దబ్బాయి రెండేళ్లుగా అంటున్నాడు. వాడికి ఉద్యోగం వచ్చింది, ఇంటికి లోటు లేదు. నేను మొండిగా ఉన్నానని వాడికి కోపం. మూడు వందల రంగులు గుర్తుపట్టగల కళ్లు నావి. చీర చూడగానే ఏ రాకులో, ఏ వరసలో చెయ్యి పెట్టాలో నా చేతికి తెలుసు. పని చేతగాక మూసేస్తే అది వేరు. రోడ్డు పూర్తికాలేదని నేనెందుకు మూసుకోవాలి?

ఇది శ్రావణమాసం. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఎంత దుమ్మున్నా ఈ వారం నాలుగు గిరాకీలు వస్తాయి. మొన్న సోమవారం నారపల్లి నుంచి ఒకామె వచ్చింది, 2018 నుంచి తెలుసు నాకు. మధ్యలో రాలేదు, ఇప్పుడు కూతురి పెళ్లి చీరలతో వచ్చింది. గద్వాల చీర, కొంగు చిలకపచ్చ. నా దగ్గర చిలకపచ్చలు ఆరు తానులున్నాయి. లైటు కింద మూడు దగ్గరగా కనిపించాయి. ఆమె అలవాటుగా తలుపు వైపు తిరిగింది, ఇనుప మెట్టు చూసి ఆగింది.

"వెనక నుంచి పోదాం రా వదినా" అన్నాను. ఇప్పుడు మేం రంగు చూడాలంటే వెనక తలుపు తీసి, నీళ్ల ట్యాంకు పక్క నుంచి, గల్లీలో వేపచెట్టు దాటి ఎండ పడే చోటికి వెళ్లాలి. తానులు నేను మోశాను, చీర ఆమె పట్టుకుంది. చెట్టు అవతల నిలబడి కొంగు పరిచి ఒక్కో తానూ పక్కన పెట్టాం. మొదటిదాంట్లో పసుపు ఎక్కువ. రెండోది కాస్త ముదురు. మూడోది పెట్టగానే ఇద్దరం ఒకేసారి ఊఁ అన్నాం. గుడ్డ, కొంగు ఎక్కడ కలిశాయో కనపడలేదు.

మడత అంచు మీద గీత ఉందేమోనని ముందు నేనే విప్పి చూశాను. లేదు. మీటరుంబావు కోసిచ్చాను.